తొమ్మిది మాటలు

బస్సు సత్తెనపల్లి స్టాండులోంచి ఇంకా కదలలేదు. డ్రైవరు టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఎవరితోనో సావకాశంగా నవ్వుతున్నాడు, గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది, ఫెబా గుండెల్లో మాత్రం పన్నెండు ఎప్పుడో కొట్టేసింది. పన్నెండుకి గుంటూరు కొత్తపేటలో, సంఘం ఆఫీసు వెనక గదిలో, ఎవరూ ముట్టుకోకుండానే ఆ కంప్యూటరు తన పని తాను చేసుకుంటుంది. వారం రోజులుగా పోగైన చెత్త ఉత్తరాలన్నిటినీ ఒక్క ఊపులో తుడిచేస్తుంది. తుడిచాక ఇక ఎవరు దిగొచ్చినా అవి దొరకవు. ఆ పని దానికి నేర్పింది తనే. శుక్రవారం పన్నెండు అని టైము పెట్టిందీ తనే, ఆ వేళకి అందరూ చర్చిలో ఉపవాస ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటారు, ఆఫీసులో ఎవరికీ కంప్యూటరుతో పని పడదు, ఫోనుతోనూ పని పడదు అని ఎంతో ముందుచూపుతో. ఆ ముందుచూపు తగలెయ్య. ఆ చెత్తలో ఒక ఉత్తరం ఉంది, ఒకటి కాదు, మూడున్నాయి, అవి చెత్త కావు, అవి రాహేలువి. రాహేలు తల్లి ఎలీసమ్మ పక్కనే కిటికీ వైపు కూర్చుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, ఉత్తరం తెచ్చుకోవడానికి వెళ్తున్నాననుకుంటోంది. పోస్టాఫీసుకి వెళ్ళి వేలిముద్ర వేసి తీసుకున్నట్టు. "గుంటూరు ఎన్నింటికి పడతాం తల్లీ?" అని ఇప్పటికి రెండుసార్లు అడిగింది. "పన్నెండు లోపే పిన్నీ" అంది ఫెబా, అని, డ్రైవరు చేతిలో గ్లాసు వంక చూసింది. ఇంకా సగం ఉంది.

బూత్‌లోంచి ఆఫీసుకి నాలుగుసార్లు ఫోను చేసింది. నాలుగుసార్లూ ఎంగేజ్. ఎందుకు కాదు మరి, ఆఫీసుకున్నది ఒకటే లైను, ఆ లైను మీద మోడెమ్ కూర్చుని పదిన్నర నుంచి పన్నెండు దాకా ఉత్తరాలు దించుతూ ఉంటుంది, అదీ తను పెట్టిన టైమే. జక్రయ్య బాబాయ్, ఆ కంప్యూటరు ప్లగ్గు పీకెయ్ అని ఒక్క మాట, ముసలాయన ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి పీకేస్తాడు, ఇరవయ్యేళ్ళుగా ఆఫీసు తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి, చెప్పిన పని చెయ్యకపోవడం అనేది ఆయన ఒంట్లోనే లేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి దారి లేకుండా చెత్తే వచ్చి లైనుకి అడ్డంగా పడుకుంది. చర్చి పాస్టరు అయ్యగారింటికి చేస్తే మోగి మోగి ఆగింది. ఇక్కడి నెట్ సెంటరులో కూర్చుని ఆ గదిలో కంప్యూటరుని ఆపడం కుదిరే పని కాదు, వెళ్ళి దాని ముందు కూర్చోవాలి. కూర్చుని ఒక్క మీట నొక్కాలి. ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల ఒక్క మీట. బస్సు ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది, కదిలి గేటు దగ్గర ఆగింది, ఎవరో ముసలమ్మ మేకపిల్లని ఎక్కించాలంటోంది, కండక్టరు వద్దంటున్నాడు. ఎక్కించుకో నాయనా, ఎక్కించుకో, మేకకీ టిక్కెట్టు కొట్టు, కానీ పోనియ్యి, అని ఫెబా లోపల అరిచింది, బయటికి మాత్రం సంచీ సర్దుకుంది.

పొద్దున ఊళ్ళో నాయనమ్మ జ్ఞాపకార్థ కూడిక. పందిరి కింద పాట అయిపోయి పులిహోర పంచుతుంటే ఎలీసమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని గడ్డివామి చాటుకి తీసుకెళ్ళింది. మిరప కోతల చెయ్యి అది, కొబ్బరినూనె వాసన, వేళ్ళ కొసలు చిట్లి ఎర్రగా ఉన్నాయి, రెండు రోజులుగా అన్నం కూడా చెంచాతో తింటున్నానని నవ్వింది ముందు. తరవాత నవ్వలేదు. రాత్రి పొద్దుపోకముందు మాబు సాహెబ్ కొట్టు ఫోనుకి రాహేలు చేసిందంట కువైట్ నుంచి. ఎవరి సెల్లులోంచో, ఒక్క నిమిషం. అమ్మా, ఇప్పుడుండేది మునుపటి ఇల్లు కాదు, నన్ను వేరే వాళ్ళకి ఇచ్చేశారు, కొడుతున్నారు, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, ఆదివారం ఎక్కడికో ఎడారి అవతలకి తోలుకుపోతారంట, ఈ ఇంటి అడ్రసు, నంబరు అన్నీ ఆసుపత్రి నర్సమ్మ చేత రాయించి ఫెబక్కకి మూడు ఉత్తరాలు పంపాను, అక్క ఎందుకు పలకట్లేదు అని. అంతే, లైను తెగిపోయిందంట. అంతా చెప్పి ఎలీసమ్మ కోప్పడలేదు, నిలదియ్యలేదు. "నువ్వు చూసే ఉంటావు తల్లీ. పనుల్లో పడి మర్చిపోయుంటావు" అంది. ఆ మాట కంటే చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. ఫెబా నోటికి వచ్చిన మాట, "ఆఫీసులో ఉంటుంది పిన్నీ, పద, తీసుకుందాం." ఉంటుంది! ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. అప్పటికే మంగళవారం గుర్తొచ్చింది, వద్దు, మంగళవారం సంగతి ఇప్పుడు వద్దు.

ఆదివారం. ఈ రోజు శుక్రవారం. అడ్రసు ఒక్కటి దొరికితే చాలు. సంఘం ఈమెయిల్ లిస్టులో కువైట్‌లో ఉన్నవాళ్ళే పదకొండు మంది, నర్సులు, డ్రైవర్లు, ఒకాయన ఎంబసీకి రోజూ కాగితాలు మోసే మనిషి. ఒక్క ఉత్తరం లిస్టుకి పంపితే అరగంటలో వాళ్ళందరికీ అందుతుంది, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు కొడతారు. అందుకే కదా లిస్టు పెట్టింది. నాలుగేళ్ళ కింద అయ్యగారు అన్నారు, మన బిడ్డలు నలుమూలలా పడి ఉన్నారు ఫెబా, ఒకళ్ళ కష్టం ఇంకొకళ్ళకి తెలిసే ఏర్పాటు ఏదన్నా చెయ్యి అని. విజయవాడలో కంప్యూటర్ల షాపు శివరామకృష్ణగారు వచ్చి నేర్పారు. ఒక చిరునామాకి రాస్తే నాలుగు వందల మందికి చేరుతుంది. ప్రార్థన చెయ్యండి, మా బాబుకి ఆపరేషను. ప్రార్థన చెయ్యండి, పరీక్షలు. మస్కట్‌లో ఉన్నాయన బాబు ఆపరేషనుకి గుంటూరులో ఎవరో రక్తం ఇచ్చి వచ్చారు, ఆ రోజు ఫెబా ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఏడ్చింది సంతోషంతో. టైపిస్టుగా చేరిన పిల్ల, పల్లెలో పంతులుగారి కూతురు, తన చేతుల కింద నాలుగు వందల మంది. అది నిజంగా గొప్ప సంగతే. ఇప్పటికీ గొప్ప సంగతే.

బయట కల్లాలు మొదలయ్యాయి. రోడ్డుకి రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు, గాలి కిటికీలోంచి ఘాటుగా కొడుతోంది, ముందు సీటాయన తుమ్మాడు, ఆయన్ని చూసి ఇంకొకడు. ఎలీసమ్మ మాత్రం కళ్ళు కూడా ఆర్పదు, అలవాటు. ఆ పక్క చేలల్లో పత్తి చివరి తీత, ఎండిన కట్టెల మీద అక్కడక్కడా తెల్లగా. రాహేలు మొగుడు అలాంటి చేలోనే పురుగుమందు కొడుతూ మధ్యాహ్నం వేళ గట్టు మీద పడిపోయాడు, ఇంటికి మోసుకొచ్చేసరికి లేడు. ఇరవై నాలుగేళ్ళకి రాహేలు విధవరాలు. ఆరు నెలలు మూల కూర్చుంది, ఏడో నెల ఏజెంటు వచ్చాడు. వెళ్ళే ముందు రోజు ఆఫీసుకి వచ్చి, "ఫెబక్కా, అక్కడ నాకేమన్నా అయితే ఎవరికి చెప్పుకోను" అంది. కొత్త చెప్పులు, నడక రాక కాళ్ళు ఎడంగా వేస్తోంది. ఫెబా ఆమె బైబిలు అట్ట లోపల పెద్దక్షరాలతో చిరునామా రాసిచ్చింది, కష్టమొస్తే ఎవరి చేతన్నా దీనికి రాయించు, నేను చూస్తాను అంది. నేను చూస్తాను.

ఏ చిరునామా రాసింది? అదీ అడగాల్సిన మాట. ఉన్నవి రెండు. లిస్టు చిరునామాకి రాస్తే మనుషులకి పోతుంది. సర్వర్ చిరునామాకి రాస్తే మిషన్‌కి పోతుంది, దానికి నన్ను చేర్చుకో, నన్ను తీసెయ్ అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేమీ తెలియదు. చేరనివాళ్ళు లిస్టుకి రాయడానికి లేదు కాబట్టి, ముందు చేరాలి కాబట్టి, ఫెబా సర్వర్ చిరునామాయే రాసిచ్చింది. చేరడం సంగతి రాహేలుకి చెప్పిందా? చెప్పినట్టే గుర్తు. ఏమో, అప్పుడే అయ్యగారు పిలిచారు, గుమాస్తా ఏదో కాగితం తెచ్చాడు, చెప్పిందో లేదో. తను చెప్పినా అటు నర్సమ్మకి రాహేలు చెప్పిందో లేదో. పీకల మీదికి వచ్చినవాళ్ళు చిరునామా దొరకగానే ముందు చేర్చుకోండి అని అడుగుతారా, కాపాడండి అంటారా? నువ్వయితే ఏమంటావు ఫెబా? బస్సు మేడికొండూరులో ఆగింది, జామకాయల బుట్టలు కిటికీల దగ్గరికి వచ్చాయి, ఎవరి చేతి గడియారమో పదకొండూ పదిహేను.

సర్వర్‌కి వచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై తొమ్మిది స్పామ్. ఆ చిరునామా ఎక్కడెక్కడి దొంగలకి ఎలా దొరికిందో, ఈగలు ముసిరినట్టు ముసిరేవారు. మాత్రలు, జూదాలు, ఆడవాళ్ళ బొమ్మలు. వాటిలో ఒకటి ఎవరో సంఘస్థుడి పేరు దొంగిలించి పెట్టుకుని, సర్వర్ దాటి, లిస్టు దాటి, నాలుగు వందల మందికీ చేరింది, అదీ మంచి శుక్రవారం నాడు. చర్చిలో సిలువ మీది ఏడు మాటలు ఒక్కొక్కటే ధ్యానిస్తుంటే అటు దుబాయిలో, డల్లాసులో, రేపల్లెలో మన సంఘం పేరుతో ఆ బొమ్మ తెరుచుకుంది. అయ్యగారు కేకలెయ్యలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఇది దేవుని పని చేసే చోటా, సంతా అమ్మా?" అన్నారు. ఆ రాత్రి నిద్రపోలేదు ఫెబా. మర్నాటి నుంచి పంతం పట్టింది. వచ్చే చెత్తనంతా వారం పాటు చదివింది, ఏ ఉత్తరంలో ఏ మాటలుంటున్నాయో కాగితం మీద గీతలు పెట్టుకుంది. బొమ్మలవాళ్ళని ఆపడం తేలికే. ఆపలేనిది ఇంకో రకం. ఎక్కడో ఆఫ్రికా నుంచి, క్రీస్తునందు ప్రియులారా, నేను విధవరాలిని, నిస్సహాయురాలిని, అర్జెంటు, ఇది రహస్యంగా ఉంచండి, కన్నీళ్ళతో రాస్తున్నాను, మీరే దిక్కు, ఈ నంబరుకి ఫోను చెయ్యండి, దేవుడు మిమ్మల్ని దీవించును గాక. రోజుకి ముప్పై మంది విధవరాళ్ళు. అందరికీ ఒకటే కన్నీళ్ళు. ఆ ఉత్తరాల్లోంచి ఫెబా తొమ్మిది మాటలు ఏరింది. ఇంగ్లీషు మాటలు, తొమ్మిది. సర్వర్‌కి వచ్చిన ఉత్తరంలో వీటిలో నాలుగు కనిపిస్తే చాలు, మనిషి చూడక్కర్లేదు, నేరుగా చెత్తలోకి.

ఎంత బాగా పనిచేసిందో. మొదటి వారమే రెండు వందలు పట్టింది. శివరామకృష్ణగారే ఫోనులో మెచ్చుకున్నారు. ఒక్క దానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. చెత్తలో పడేసిన ప్రతిదానికీ ఒక జవాబు పోతుంది, ఒక్కొక్కరికి ఒక్కసారే, రెండోసారి పోదు. "మీరెవరో మాకు తెలియదు. మీ ఉత్తరం ఎవరూ చదవరు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక." దొంగలకి జవాబేమిటమ్మా, ఇక్కడ మనిషున్నాడని తెలిస్తే పదింతలవుతారు, అన్నారాయన. సంఘం ఆఫీసుకి ఉత్తరమొస్తే జవాబివ్వకపోవడం మర్యాద కాదన్నారు అయ్యగారు. అలా ఆ జవాబు మిగిలింది, ఫెబా మాటల్లోనే. వార్షిక సభలో శాలువా కూడా కప్పారు. ఆ శాలువా కప్పుకుని నవ్వుతూ ఫొటో. ఒక్కరికి, అంతమందిలో ఒక్కరికి తట్టలేదు, ఆ తొమ్మిది మాటలూ మనవే కదా అని. మన నర్సమ్మలు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే ఎలా రాస్తారు? క్రీస్తునందు ప్రియులారా, ఆయన సాటిలేని నామమున వందనములు, అనే కదా మొదలుపెడతారు. ఇస్కూల్లో మేడమ్మలు నేర్పింది అదే, నాన్న ఉత్తరాలు రాసిందీ అదే, ఫెబా మొదటి దరఖాస్తు చివర దీవించును గాక అని రాస్తే అందరూ నవ్వారు కూడా. ఆ దొంగలెవరో మన ఉత్తరాలు చూసి మన మాటలు దొంగిలించారు. ఫెబా ఆ మాటలన్నీ దొంగలవే అనుకుని మనవాళ్ళకి తలుపు మూసింది. ఒక విధవరాలు, నిజంగా విధవరాలు, నిజంగా నిస్సహాయురాలు, నిజంగానే అర్జెంటు, ఇంకే మాటలతో రాయాలి?

పేరేచర్ల దగ్గర బస్సు ఆగిపోయింది. మిర్చి యార్డుకి పోయే లారీలు, ట్రాక్టర్లు, టిక్కీ బస్తాల మీద టిక్కీ బస్తాలు ఆకాశమంత ఎత్తు, ఒకటి ఒరిగి రోడ్డుకి అడ్డంగా బస్తాలు దొర్లాయి. ఒకటి పగిలింది. జనం దిగి తుమ్ముకుంటూ చూస్తున్నారు. పదకొండూ ముప్పై అయిదు. ఎలీసమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒళ్ళో పోసింది. "తిను తల్లీ, పొద్దుటి నుంచి ఏం తినలేదు. మొహం పీక్కుపోయింది. ఎవరి గురించి ఆ బెంగ?" ఎవరి గురించి! ఒక గింజ నోట్లో వేసుకుంది. చెప్పెయ్యి, ఇప్పుడే చెప్పెయ్యి. చెప్తే ఏమవుతుంది, బస్సు కదులుతుందా. దేవా, కరెంటు తియ్యి. ఎండాకాలం వచ్చేస్తోంది, రోజూ తీస్తూనే ఉన్నారు, పనీపాటా ఉన్న వేళ తీస్తారు, పరీక్షల వేళ తీస్తారు, ఈ రోజు ఒక్క అరగంట తియ్యి. కరెంటు లేకపోతే అది చావదూ, చచ్చిన మిషన్ పన్నెండు కొట్టదు. ఇన్నేళ్ళూ కరెంటు పోకూడదని ప్రార్థించింది, పోవాలని అడగడం ఇదే మొదలు. నిన్ను ఇంకేమీ అడగను. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యమను, శాలువా తీసేసుకో. ఒక్క అరగంట చీకటి.

మంగళవారం సాయంత్రం ఫెబా చెత్త ఫోల్డరు తెరిచింది. ఊరికే. ఎన్ని పడ్డాయో చూసుకోవడం ఒక సరదా, ఎలుకల బోను చూసుకున్నట్టు. వరసగా శీర్షికలు, మాత్రలు, లాటరీ, విధవరాలు, విధవరాలు. మధ్యలో ఒకటి, "కువైట్‌లో నిస్సహాయ విధవరాలు, అర్జెంటు." చూసింది. కళ్ళతో చూసింది. కువైట్ అన్న మాట దగ్గర ఏదో మెదిలింది కూడా, మెదిలితే ఏమనుకుంది, ఇన్నాళ్ళూ ఆఫ్రికాలో ఉన్న దొంగలు ఇప్పుడు కువైట్ దాకా వచ్చారే అనుకుంది. గది ఊడుస్తున్న జక్రయ్యకి చదివి వినిపించింది. "ఇంకో విధవరాలు దిగింది బాబాయ్, ఈసారి కువైట్ నుంచి." ముసలాయన చీపురు ఆపి, "పాపం" అన్నాడు. పాపమేంటి బాబాయ్, అదంతా మోసం అని ఫెబా నవ్వింది. నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు చెవుల్లో వినిపిస్తోంది, బస్సులో అందరికీ వినిపిస్తోందేమోనన్నంత గట్టిగా. తెరవలేదు. ఒక్కసారి నొక్కితే తెరుచుకునేది. తొమ్మిది మాటలు తప్పు చేశాయంటే మాటలకేం తెలుసు, కళ్ళున్న తను ఏం చేసింది? తనూ ఆ మిషన్ చేసిందే చేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు, చచ్చేదాకా చెప్పకూడదు అనుకుంది, అనుకుంటూనే పక్కన శనక్కాయలు ఒలుస్తున్న చిట్లిన వేళ్ళు చూసింది. ఒలిచిన గింజలు తను తినడం లేదు, ఫెబా వైపు పోగు పెడుతోంది.

బస్సు కదిలింది. నల్లపాడు, మలుపులు, సినిమా పోస్టర్లు, గుంటూరులో దిగి ఆటో వేసుకున్నారు. "తొందరగా పోనియ్యి బాబూ" అంటే ఆటో అతను అద్దంలో చూసి, "ఆసుపత్రికా అమ్మా?" అన్నాడు. కొత్తపేట అంతా ఆసుపత్రులే కదా. ఊఁ అంది. ఒక షాపులో ఫ్యాను తిరగడం లేదు. ఇంకో షాపులో లైట్లు లేవు. దర్జీ బయటికి వచ్చి అట్టతో విసురుకుంటున్నాడు. కరెంటు పోయింది! ఫెబా ఎలీసమ్మ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఏంది తల్లీ?" "కరెంటు లేదు పిన్నీ, కరెంటు పోయింది!" కరెంటు పోతే అంత సంతోషమేంటో ఆమెకి అర్థం కాలేదు, అయినా పిల్ల నవ్వింది కదా అని ఆమె కూడా నవ్వింది. ఎప్పుడు పోయిందని ఆటో అతన్ని అడిగితే పదకొండున్నరకే అన్నాడు. పన్నెండూ పది అయింది ఇప్పుడు. పన్నెండూ పది, అయితే ఏం, కరెంటు లేదు. దేవా, నువ్వున్నావు.

చర్చి ఆవరణలోకి ఆటో తిరగగానే ఆ చప్పుడు వినిపించింది. డగడగమని, చింతచెట్టు కింద నుంచి, నీలం పొగ. లోపల మైకులో అయ్యగారి గొంతు, పరదేశంలో ఉన్న మా బిడ్డలను జ్ఞాపకం చేసుకో తండ్రీ అంటోంది. జక్రయ్య మెట్ల మీద నుంచి ఎదురొచ్చాడు, తెల్ల చొక్కా, చేతిలో తాళాల గుత్తి. "కరెంటు పోయింది ఫెబమ్మా, మైకు కోసం జనరేటర్ వేశాం. మీ మిషన్‌కి కూడా దాన్నే తగిలించాను. ఆగితే పాడవుద్దని మీరే చెప్పారుగా, బ్యాటరీ మీద ఉండగానే మార్చేశాను. ఒక్క నిమిషం కూడా ఆగలేదమ్మా" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ. ఆయన్ని ఏమనాలి? మంచి పని చేశావు బాబాయ్ అంది. వెనక గదిలో కంప్యూటరు చల్లగా గురగురలాడుతోంది. చెత్త ఫోల్డరు తెరిచింది. ఏమీ లేదు, తెల్లగా, తుడిచిన పలకలాగా. కింద చిన్న అక్షరాలతో, పన్నెండు గంటలకి మూడు వందల పదిహేడు ఉత్తరాలు తొలగించబడినవి అని మాత్రం ఉంది. జనరేటర్ చప్పుడు కిటికీ ఊచల్లోకి పాకుతోంది.

ఎలీసమ్మ కుర్చీలో కూర్చోలేదు, ఎప్పుడూ కూర్చోదు, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని తెర వైపు చూస్తోంది. "దీంట్లోనేనా?" అంది. ఫెబా కుర్చీలోంచి దిగి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. అన్నీ చెప్పింది, మాటలు అడ్డదిడ్డంగా పడ్డాయి, ఉత్తరాలు వచ్చాయి పిన్నీ, మూడూ వచ్చాయి, నేనే పారేశాను, నేను పెట్టిన మిషన్ పారేసింది, మంగళవారం ఒకటి నేను కళ్ళతో చూశాను, మోసమనుకున్నాను, తెరవలేదు, నవ్వాను కూడా. ఎలీసమ్మ శనక్కాయల పొట్టు చీర మీద ఉంటే ఒక్కొక్కటే తీసి గుప్పిట్లో పెట్టుకుంటోంది.

"మా పిల్ల రాసింది అంత అబద్ధంలాగుందా?" అంది చివరికి.

ఫెబాకి వెక్కిళ్ళు వచ్చాయి, నేలకేసి తల కొట్టుకోవాలనిపించింది, ఈమె ముందు ఏడవడానికి కూడా తనకి హక్కు లేదనిపించింది. ఎలీసమ్మ ఏడవలేదు. ఆమె ఇంకా ఉత్తరం దగ్గరే ఉంది. "పోనీ, జవాబేమన్నా రాశావా?" "నేను రాయలేదు పిన్నీ. మిషనే ఇచ్చింది. మీరెవరో మాకు తెలియదని." ఎలీసమ్మ మొహం ముడుచుకుంది, మళ్ళీ విప్పింది. "మరి అడ్రసు తెలియకుండా జవాబు ఎట్టా పంపింది?"

ఫెబా తల ఎత్తింది. ఇంటి అడ్రసు కాదు పిన్నీ, కంప్యూటరు చిరునామా, అది వేరు, అని చెప్పబోయి ఆగిపోయింది. ఒక్కొక్కరికి ఒక్కసారే జవాబు. రెండోసారి పోకూడదు. పోకూడదంటే ఎవరికి ఇచ్చిందో అది గుర్తు పెట్టుకోవాలి. లేచింది, చీర కుర్చీకి పట్టుకుంది, లాక్కుంది. ఎక్కడో లోపల, సంవత్సరం నుంచీ తను తెరిచి చూడని జాబితా, శుక్రవారం తుడుపుతో సంబంధం లేనిది. ఉంది. వరసలు వరసలుగా చిరునామాలు, పదకొండు వందల నలభై. పేర్లు లేవు, తేదీలు లేవు, దేశాలు లేవు, యాహూలు, హాట్‌మెయిళ్ళు, అర్థం లేని అంకెలు. పదకొండు వందల ముప్పై తొమ్మిది మంది దొంగలు, ఒక నర్సమ్మ. "ఇందులో మా పిల్లది ఏది?" అని ఎలీసమ్మ వెనకాల నుంచుంది. "తెలియదు పిన్నీ. తెలుసుకునే దారి లేదు." ఎలీసమ్మకి చదువు రాదు, అయినా ఆ వరసలన్నీ పైనుంచి కింది దాకా చూసింది. "అయితే అందరికీ రాయి" అంది.

అందరికీ రాస్తే ఏమవుతుందో ఫెబాకి తెలుసు. శివరామకృష్ణగారు చెప్పిందాంట్లో మొదటి పాఠమే అది. మనిషి చేత్తో ఒక్క జవాబు పోయిందా, ఇక ఈ చిరునామా బతకదు, వెయ్యి మంది వచ్చి మీద పడతారు, లిస్టు మునిగిపోతుంది, నాలుగేళ్ళ పని పోతుంది, అయ్యగారు మళ్ళీ కళ్ళజోడు తీస్తారు. ముందు ఆ తొమ్మిది మాటలూ తీసేసింది. ఒక్కొక్కటే, వరసగా. ప్రియులారా పోయింది, విధవరాలు పోయింది, నిస్సహాయురాలు, అర్జెంటు, కన్నీళ్ళు, చివరగా దీవించును గాక. తరవాత ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో కొట్టింది, దొంగలకి అర్థం కాకూడదని కాదు, రాహేలుకి ఎవరన్నా చదివి వినిపిస్తే అర్థం కావాలని. "రాహేలూ, నేను ఫెబక్కని. నీ ఉత్తరాలు పోగొట్టింది నేనే. ఇంటి అడ్రసు, నంబరు వెంటనే మళ్ళీ రాయించు. ఈసారి నేనే చదువుతాను. అమ్మ నా పక్కనే ఉంది." పదకొండు వందల నలభై మందికీ అని చెప్పి మీట నొక్కింది. మోడెమ్ కీచుమంది, బుసకొట్టింది, లైను పట్టుకుంది. జక్రయ్య తలుపు దగ్గరికి వచ్చి, జనరేటర్‌లో డీజిలు అయిపోవచ్చిందమ్మా, పొయ్యనా అని అడిగాడు. "పొయ్యి బాబాయ్. సాయంత్రం దాకా ఆగకూడదు. రేపు కూడా."

ప్రార్థన అయిపోయి జనం బయటికి వస్తున్న చప్పుడు. ఎలీసమ్మ ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉత్తరాలు వెళ్తున్నాయి, యాభై, వంద, నూట అరవై. రెండు వందలు దాటకముందే ఒకటి తిరిగి వచ్చింది, కొత్త ఉత్తరం, తెలియని పేరు. ఫెబా తెరిచింది. క్రీస్తునందు ప్రియమైన సహోదరీ, అని ఉంది. మీ ఉత్తరం అందినందుకు దేవునికి స్తోత్రం, నేను విధవరాలిని, అని ఉంది.

"మా పిల్లదేనా?" అంది ఎలీసమ్మ.

"ఇంకా తెలియదు పిన్నీ" అంది ఫెబా. "చివరిదాకా చదవనియ్యి."